ముగ్గు పోసిన రోజే అడగాలి



ఇల్లు కట్టేటప్పుడు మొదటి పని ముగ్గు పోయడం. మేస్త్రి మూలలకు మేకులు కొట్టి, తాడు బిగించి, ఆ తాడు వెంబడి ముగ్గుపిండి చల్లుకుంటూ పోతాడు. అప్పటిదాకా కాగితం మీదే ఉన్న ఇల్లు నేల మీద తొలిసారి కనబడేది ఆ తెల్లటి గీతలోనే. ఇంటావిడ వంటిల్లు ఎక్కడొచ్చిందో చూసుకుంటుంది. పెద్దాయన సింహద్వారం ఎటు తిరిగిందో చూసుకుంటాడు. ఆ తెల్ల గీతకూ సరిహద్దు రాయికీ మధ్య ఎంత జాగా మిగిలిందో చూసేవాళ్లు మాత్రం తక్కువ. ఈ రోజు నేను మీతో మాట్లాడాలనుకున్నది ఆ మిగిలిన జాగా గురించే.

దాన్ని మనం సెట్‌బ్యాక్ అంటున్నాం. స్థలం హద్దు నుంచి గోడ వరకు ఖాళీగా వదలాల్సిన దూరం అది. ఎంత వదలాలన్నది స్థలం కొలతనూ, ఇంటి ఎత్తునూ, ముందున్న రోడ్డు వెడల్పునూ బట్టి మారుతుంది. తెలంగాణలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉన్నప్పుడే 2012 ఏప్రిల్ 7న 168 నంబరు జీవోతో వచ్చిన భవన నిర్మాణ నియమాలు దీనికి ఆధారం. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో 119 నంబరు జీవోతో వచ్చిన నియమాలున్నాయి.

లెక్క తెలియడానికి మన మధ్యతరగతి వాళ్లు ఎక్కువగా కొనుక్కునే 200 గజాల స్థలం తీసుకుందాం. ముప్పై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు. చదరపు మీటర్లలో 167. తెలంగాణ నియమాల్లో 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలానికి, మామూలు కాలనీ రోడ్డు మీద, ముందు ఒకటిన్నర మీటరు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. అడుగుల్లో చెప్పాలంటే ముందు దాదాపు ఐదడుగులు, పక్కలా వెనకా మూడడుగుల మూడంగుళాలు. ఇంత వదిలాక ఇల్లు కట్టుకోవడానికి మిగిలేది దాదాపు 1,210 చదరపు అడుగులు. 1,800లో 590 పోయింది. అంటే 65 గజాలు. రిజిస్ట్రేషన్ ఖర్చుతో సహా గజం గజం లెక్కపెట్టి కొన్న నేలలో మూడో వంతు ఖాళీగా ఉండిపోతుంది. ముగ్గు పోసే రోజున యజమాని గుండె కలుక్కుమనేది ఇక్కడే. ‘ఒక అడుగు జరిపితే హాలు పెద్దదవుతుంది సార్, అందరూ చేసేదే’ అని మేస్త్రి అనేది కూడా అప్పుడే. తాడు ఒక అడుగు జరుగుతుంది. ఆ తర్వాతి కథంతా ఆ ఒక్క అడుగుతో మొదలవుతుంది.

అసలు ఆ జాగా ఎందుకు? గాలి కోసం, వెలుతురు కోసం అని బళ్లో పిల్లలు కూడా చెబుతారు. నిజమే. ఇంకా చాలా ఉంది. డ్రైనేజీ పైపు పగిలితే మనిషి నిలబడి బాగుచేయడానికి చోటు కావాలి. గోడకు బయటివైపు పూత వేయడానికి సారువ కట్టాలి. పైకప్పు మీద పడ్డ వాన మన నేలలోనే ఇంకాలి. ఇంట్లో మంటలు అంటుకుంటే అవి పక్కింటికి దూకకుండా మధ్యలో ఎడం ఉండాలి. 18 మీటర్లు, ఆపైన ఎత్తున్న భవనాలకు 2012 నియమాలు చుట్టూ కనీసం 7 మీటర్లు వదలమన్నది అగ్నిమాపక వాహనం లోపలికి వచ్చి తిరగడానికే. అది పచ్చికకీ పార్కింగుకీ ఇచ్చిన చోటు కాదు.

వీటన్నిటి వెనకా ఇంకో సంగతి ఉంది. నేను ఒక మీటరు వదిలాను. పక్కాయన ఒక మీటరు వదిలాడు. మధ్యలో రెండు మీటర్లు వచ్చింది. ఆ రెండు మీటర్ల గాలి నాకూ వస్తుంది, ఆయనకూ వస్తుంది. నేను వదిలిన జాగాలో సగం లాభం ఆయనది, ఆయన వదిలినదాంట్లో సగం లాభం నాది. ఇది ఇరుగు పొరుగుల మధ్య చేబదులు లాంటిది. ఒకరు ఇచ్చి ఇంకొకరు ఎగ్గొడితే, ఇచ్చినవాడి కిటికీ ముందు గోడ లేస్తుంది. నియమం పాటించినవాడికే చీకటి మిగులుతుంది. అందుకే సెట్‌బ్యాక్ ఉల్లంఘన మున్సిపాలిటీకీ ఇంటి యజమానికీ మధ్య ఉన్న కాగితాల గొడవ అనుకుంటే పొరపాటు. అందులో మూడో మనిషి ఉన్నాడు. అతను పక్కింటివాడు.

ఇది మనకు కొత్తగా తెలిసిన నీతేమీ కాదు. పల్లెల్లో చూరు నీళ్ల తగాదాలు మన పెద్దలందరికీ తెలుసు. నా చూరు నుంచి జారిన నీళ్లు నీ దొడ్లో పడకూడదు. అందుకే ఇల్లు కట్టేవాళ్లు చూరు కింద మూరెడో బారెడో వదిలి గోడ లేపేవాళ్లు. పెద్దమనుషులు చావడిలో కూర్చుని చూరు ఎంత దింపాలో, నీళ్లు ఎటు పోవాలో తేల్చేవాళ్లు. బ్రిటిష్ వాళ్లు 1882లో చేసిన ఈజ్‌మెంట్స్ చట్టం కూడా ఇదే విషయాన్ని పట్టించుకుంది. ఒక ఇంటికి ఇరవై ఏళ్లపాటు అడ్డూ ఆటంకం లేకుండా, హక్కుగా అందుతూ వచ్చిన గాలి వెలుతురులను పక్కవాడు మూసేయడానికి వీల్లేదని అందులో ఉంది.

మహానగరాలు పెరిగాక చావడి తీర్పు చాల్లేదు. ముందే రాసిపెట్టిన కొలతలు కావలసివచ్చాయి. న్యూయార్క్‌లో 1915లో ఈక్విటబుల్ బిల్డింగ్ పూర్తయింది. 38 అంతస్తులు, ఎక్కడా వెనక్కి తగ్గకుండా కాలిబాట అంచు నుంచి నిట్టనిలువుగా లేచింది. దాని నీడ దాదాపు ఏడెకరాల మేర పరుచుకుంటుందని అప్పట్లో పెద్ద దుమారం లేచింది. మరుసటి ఏడాది, 1916లో, ఎక్కడ ఏది, ఎలా కట్టవచ్చో చెప్పే జోనింగ్ నిబంధనలను న్యూయార్క్ నగరమంతటికీ తెచ్చారు. భవనం పైకి లేచేకొద్దీ వీధి నుంచి వెనక్కి జరగాలన్నారు. ఆ తర్వాత కట్టిన క్రైస్లర్ బిల్డింగ్, ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మెట్లు మెట్లుగా సన్నబడుతూ పోవడం మనం ఫొటోల్లో చూస్తాం. ఆ అందం వెనక ఉన్నది వీధిలో నడిచేవాడికి ఆకాశం కనబడాలన్న నియమం.

అమెరికాలోనే వర్జీనియా రాష్ట్రంలో రోనోక్ అనే ఊరుంది. ఆ ఊళ్లో కొత్తగా కట్టే ఇల్లు, ఆ వీధిలో అప్పటికే ఉన్న ఇళ్ల వరుసను చూసుకుని, అంత దూరం వెనక్కి ఉండాలన్నారు. గోరీబ్ అనే ఆయన వీధి అంచునే ఇటుకలతో దుకాణం కట్టుకుంటానన్నాడు. వీధి నుంచి 34 అడుగుల 8 అంగుళాలు వెనక్కి జరిగి కట్టుకోమని ఊరి కౌన్సిల్ అనుమతి ఇచ్చింది. నా నేల మీద నేను ఎక్కడ కట్టుకోవాలో మీరెవరు చెప్పడానికని ఆయన దేశ సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1927లో కోర్టు ఊరి పక్షానే తీర్పు ఇచ్చింది. వెలుతురు, గాలి, వీధి దుమ్ముకూ రొదకూ ఇళ్లు ఎడంగా ఉండటం, మలుపుల దగ్గర వాహనం నడిపేవాడికి చూపు ఆనడం, ఇవన్నీ ఊరు పట్టించుకోదగ్గ విషయాలేనంది. సెట్‌బ్యాక్ నియమానికి అక్కడ చట్టబలం వచ్చింది అలా.

అయితే ఒక చిక్కుంది. నియమం అందరికీ ఒకటే. స్థలాలు మాత్రం ఒకేలా ఉండవు. కొన్ని త్రికోణంగా ఉంటాయి. కొన్నిటి మధ్యలోంచి కాలువ పోతుంది. కొన్ని వాలులో ఉంటాయి. ఒకాయన స్థలం ముందు ముప్పై అడుగులుండి వెనక్కి వెళ్లేసరికి పన్నెండు అడుగులకు కుంచించుకుపోతుంది. అటువంటి నేల మీద నియమాన్ని అక్షరం అక్షరం అమలు చేస్తే గదే కట్టలేం. నియమం తప్పు కాదు, ఆ మనిషీ తప్పు చేయలేదు. నేల అలా ఉంది. అలాంటివాళ్ల కోసం అమెరికా జోనింగ్ చట్టాల్లో మొదటి నుంచీ ఒక వెసులుబాటు పెట్టారు. దాన్ని వేరియన్స్ అంటారు. మనం సడలింపు అనుకుందాం. 1920లలో అక్కడి వాణిజ్య శాఖ రాష్ట్రాలకోసం తయారుచేసిన నమూనా చట్టంలోనే దీని షరతులున్నాయి. స్థలానికి ప్రత్యేకమైన పరిస్థితి ఉండాలి. నియమాన్ని యథాతథంగా అమలు చేస్తే అనవసరమైన కష్టం కలగాలి. సడలింపు ఇచ్చినా ప్రజల మేలుకు భంగం రాకూడదు. మూడూ ఉంటేనే ఇవ్వాలి.

ఇది ఎలా జరుగుతుందో న్యూజెర్సీ రాష్ట్రం నుంచి ఒక నమూనా చెబుతాను. అక్కడి ఎడిసన్ లాంటి ఊళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది స్థిరపడ్డారు. ఈ ప్రసంగం వింటున్న మీలో కొందరి పిల్లలు అక్కడే ఉండి ఉంటారు. నేను చెప్పబోయేది ఏదో ఒక ఊళ్లో జరిగిన ఫలానా కేసు కాదు. అక్కడి చట్టం ప్రకారం ఇలాంటి విచారణ ఎలా నడుస్తుందో తెలియడానికి అనుకున్న ఉదాహరణ.

ఒక బిల్డరు ఆరు టౌన్‌హౌస్‌లు కడతానన్నాడనుకుందాం. టౌన్‌హౌస్ అంటే మన రో హౌస్ లాంటిదే. పక్కపక్క ఇళ్లకు గోడ ఉమ్మడి, గుమ్మం ఎవరిది వాళ్లది, ముందూ వెనకా కొంచెం జాగా. మధ్య ఇళ్లకు పక్కల ఖాళీ ఉండదు కాబట్టి గాలి వెలుతురు రావాలంటే ముందు నుంచీ వెనక నుంచే రావాలి. అందుకని వెనక వదిలే జాగాకు విలువెక్కువ. ఆ ఊరి నియమం వెనక 25 అడుగులు వదలమంటుంది. స్థలం ముందు మూలన వాన నీటి కాలువ ఉంది, దాని జోలికి వెళ్లకూడదు. కాబట్టి ఇళ్లను వెనక్కి జరపాలి, వెనక 18 అడుగులే వదలగలను, ఏడు అడుగులు సడలించండి అని బిల్డరు దరఖాస్తు పెట్టాడు.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి. దరఖాస్తు పెట్టాక మొదటి పని, ఆ స్థలానికి 200 అడుగుల లోపున్న ప్రతి ఆస్తి యజమానికీ నోటీసు పంపడం. విచారణకు కనీసం పది రోజుల ముందే అది పంపాలి. పత్రికలో కూడా ప్రకటన వేయాలి. నోటీసు సరిగా ఇవ్వకపోతే ఆ విచారణకు విలువ లేదు. ప్లాన్లు ముందుగానే ఆఫీసులో పెడతారు, ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చు.

సడలింపుల విచారణ మామూలుగా చేసేది జోనింగ్ బోర్డు. అందులో ఏడుగురు సభ్యులు, ఆ ఊళ్లో నివసించే మామూలు పౌరులు. ఎన్నికైన పదవిలో ఉన్నవాళ్లు అందులో కూర్చోకూడదు. బిల్డరు తరఫున వచ్చే ఇంజినీరు, ఆర్కిటెక్టు, ప్లానరు ప్రమాణం చేసి మాట్లాడాలి. బోర్డు వాళ్లను ప్రశ్నిస్తుంది. తర్వాత ఇరుగు పొరుగులూ ప్రశ్నించవచ్చు. వెనక వీధిలో ఉండే ఒక పెద్దావిడ లేచి, ‘ఆరిళ్లకు చోటు చాలకపోతే ఐదిళ్లు కట్టవచ్చు కదా?’ అని అడుగుతుంది. చూడటానికి చిన్న ప్రశ్న. దరఖాస్తు మొత్తం ఆ ప్రశ్న మీదే నిలబడుతుంది, లేదా కూలిపోతుంది.

ఎందుకంటే న్యూజెర్సీ చట్టం ప్రకారం ఇలాంటి కొలతల సడలింపుకు రెండే దారులున్నాయి. స్థలం మరీ ఇరుకుగా, వంకరగా, వాలుగా ఉండటం వల్ల కష్టం కలుగుతోందని చూపడం ఒక దారి. సడలింపు ఇస్తే ఊరికి కలిగే మేలు, దానివల్ల వచ్చే కీడు కంటే స్పష్టంగా ఎక్కువని చూపడం రెండో దారి. ఏ దారిన వచ్చినా, చుట్టుపక్కలవాళ్లకు గణనీయమైన నష్టం లేదనీ, ఊరి ప్రణాళిక ఉద్దేశం దెబ్బతినదనీ కూడా రుజువు చేయాలి. ఐదిళ్లు కడితే లాభం తగ్గుతుందన్న మాట అక్కడ కష్టం కింద చెల్లదు. కష్టం నేలది కావాలి, జేబుది కాదు. యజమాని తనంతట తాను స్థలాన్ని ముక్కలు చేసి ఇరుకు చేసుకుని, ఇప్పుడు ఇరుకైందని మొరపెట్టుకుంటే దాన్ని స్వయంకృతం అంటారు. దానికి సడలింపు దొరకడం కష్టం.

ఇంకో ముచ్చటైన పద్ధతి కూడా ఉంది. ఉండాల్సిన దానికన్నా చిన్న స్థలంలో ఇల్లు కడతానని వచ్చినవాణ్ని అక్కడ ఒక మాట అడుగుతారు. తగ్గిన జాగాను పక్కవాళ్ల దగ్గర కొనడానికి ప్రయత్నించావా? సరసమైన ధరకు నీ స్థలాన్ని వాళ్లకు అమ్మజూపావా? అంటే, నియమాన్ని వంచమని ఊరిని అడిగే ముందు, ఇరుగు పొరుగుతో కూర్చుని తేల్చుకోవడానికి ప్రయత్నించావా అని. మన చావడి పెద్దలు కూడా ఇదే అడిగేవారు.

చివరికి బోర్డు సడలింపు ఇవ్వవచ్చు, తిరస్కరించవచ్చు, షరతులతో ఇవ్వవచ్చు. సరిహద్దు వెంబడి ఏడాది పొడవునా ఆకు రాలని చెట్లు నాటమనవచ్చు. వెనక వైపు బాల్కనీలు వద్దనవచ్చు. వాన నీళ్లు పక్కవాళ్ల దొడ్లోకి పోకుండా కట్టడి చేయమనవచ్చు. ఏది తేల్చినా కారణాలతో రాతపూర్వకంగా తీర్మానం చేయాలి. అది నచ్చనివాళ్లు, బిల్డరైనా పక్కింటివారైనా, 45 రోజుల్లో కోర్టుకు వెళ్లవచ్చు. ఇదంతా ఒక్క ఇటుక కూడా పేర్చకముందు జరుగుతుంది. శ్రోతలారా, ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఇటుక పేర్చకముందు.

ఆ పద్ధతిలో లోపాలు లేవని నేను అనను. డబ్బున్న బిల్డరు పేరున్న ప్లానర్లను తెచ్చుకోగలడు, ఒంటరి ఇంటి యజమానికి అది కుదరదు. ఇంకో వైపు, పొరుగువాళ్ల గొంతు ఒక్కోసారి మంచికి కాకుండా అడ్డుకోవడానికి లేస్తుంది. మాటల్లో గాలి, వెలుతురు, ట్రాఫిక్ ఉంటాయి. మనసులో ‘తక్కువ ధర ఇళ్లొస్తే ఎలాంటివాళ్లొచ్చి చేరతారో’ అన్న భయం ఉంటుంది. న్యూజెర్సీలోనే మౌంట్ లారెల్ అనే ఊరు జోనింగ్ నియమాలను పేదవాళ్లు రాకుండా గోడలా వాడుకుంటోందని అక్కడి నల్లజాతి పౌరుల సంఘం కోర్టుకు వెళ్లింది. 1975లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, పెరుగుతున్న ప్రతి ఊరూ తక్కువ ఆదాయంవాళ్ల ఇళ్లకు తనవంతు చోటు ఇవ్వాల్సిందేనని చెప్పింది. కొలతలు న్యాయం కోసం పుట్టాయి. వాటిని అన్యాయానికి వాడుకోవచ్చని కూడా గుర్తుంచుకోవాలి.

కొన్నిసార్లు నియమమే కాలం చెల్లి ఉంటుంది. అప్పుడు ఒక్కొక్కరికీ సడలింపు ఇస్తూ కూర్చోవడం కంటే నియమాన్నే మార్చాలి. టెక్సాస్‌లోని హ్యూస్టన్ అదే చేసింది. 1998లో నగరం నడిబొడ్డున ఒక ఇంటికి ఉండాల్సిన కనీస స్థలాన్ని 5,000 చదరపు అడుగుల నుంచి 1,400కు తగ్గించింది. ఆ తర్వాత అక్కడ వేలాది టౌన్‌హౌస్‌లు లేచాయి. మన 200 గజాల స్థలం 1,800 చదరపు అడుగులని ఇందాక చెప్పుకున్నాం. అంతకన్నా చిన్న ముక్కల్లో, బహిరంగంగా చర్చించి మార్చుకున్న నియమం కింద, అక్కడ ఇళ్లు కట్టుకున్నారు.

అంటే పద్ధతిగా నడిచే దారులు మూడున్నాయి. నియమం పాటించడం. పాటించలేని నేల ఉంటే ముందే కారణం చెప్పి సడలింపు అడగడం. నియమమే తప్పైతే అందరూ కలిసి దాన్ని మార్చుకోవడం.

మనం ఎక్కువగా పట్టింది నాలుగో దారి. ముందు కట్టేయడం, తర్వాత డబ్బు కట్టడం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 డిసెంబరు 31న 901 నంబరు జీవోతో బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్ వచ్చింది. బీపీఎస్ అన్నాం. 1985 జనవరి 1 నుంచి 2007 డిసెంబరు 15 వరకు ప్లానుకు విరుద్ధంగా, లేదా ప్లానే లేకుండా కట్టినవాటిని జరిమానాతో క్రమబద్ధం చేస్తామన్నారు. ఒక్కసారికే అన్నారు. 2015లో తెలంగాణలో బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్, అంటే బీఆర్ఎస్ పేరుతో 152 నంబరు జీవో వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 28 వరకు కట్టినవాటికి అవకాశమిచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2015లో ఒకటి, 2019లో ఇంకొకటి వచ్చాయి. ఒక్కసారికే అన్న మాట మళ్లీ మళ్లీ విన్న మేస్త్రి, ఇంకోసారి కూడా వస్తుందని నమ్మి తాడు జరుపుతాడు. అతన్ని ఒక్కణ్నే తప్పుపట్టి ఏం లాభం? ఆ ధైర్యం అతనికి మనం ఇచ్చిందే.

ఈ పథకాలకు దరఖాస్తు పెట్టినవాళ్లంతా దురాశాపరులని నేననడం లేదు. పెన్షను డబ్బుతో ఫ్లాటు కొనుక్కున్న ఉపాధ్యాయుడికి, బిల్డరు ఎన్ని అడుగులు మింగాడో తెలియదు. ఆయన జరిమానా కట్టి ఊపిరి పీల్చుకున్నాడు. ఆయన బాధ నిజం. కానీ ఆ జరిమానా ఎవరికి చేరింది? ప్రభుత్వ ఖజానాకు. గాలి పోయింది ఎవరికి? పక్కింటివాళ్లకు. వాళ్లను పిలిచి కూర్చోబెట్టి ‘మీకేమైనా అభ్యంతరమా’ అని వినే విచారణ ఈ పథకాల్లో లేదు. నష్టపోయినవాడికి నోరు లేదు, నష్టం చేసినవాడికి రసీదు దొరికింది.

ముందే అడిగే అలవాటు మన చట్టాల్లో అసలు లేదనుకోకండి. రోడ్డు విస్తరణకు నేల ఇచ్చేసినవాళ్లకు, మిగిలిన ముక్కలో కట్టుకోవడానికి సెట్‌బ్యాకుల్లో సడలింపు మన నియమాల్లోనే ఉంది. అది న్యాయమైన సడలింపు. ఊరి కోసం నేల వదిలినవాడికి ఊరిచ్చే బదులు. వరుస ఇళ్లకు కూడా విడి నియమాలున్నాయి. ఒక వరుసలో ఎనిమిదిళ్లకు మించకూడదు, రెండు వరుసల మధ్య ఆరు మీటర్లుండాలి, ముందు మూడు మీటర్లు, వెనక ఒకటిన్నర మీటరు వదలాలి. పక్క గోడలు కలిసినందుకు ముందూ వెనకా ఎక్కువ వదలమనడం తూకం తెలిసిన మాట.

2020లో తెలంగాణ తెచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి ఒక్క రూపాయితో రిజిస్ట్రేషన్ చాలు. 600 గజాల వరకు, పది మీటర్ల ఎత్తు వరకు, నియమాలు పాటిస్తానని యజమానే రాసిస్తే వెంటనే అనుమతి వస్తుంది. ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన బాధ తప్పింది. మంచిదే. అయితే ప్రభుత్వం మన మాటను నమ్మి ఇచ్చిన అనుమతి అది. నమ్మినప్పుడు మాట నిలబెట్టుకోవలసిన బరువు మన మీద ఇంకా పెరుగుతుంది.

2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ కేసులో దేశమంతటికీ వర్తించే ఆదేశాలిచ్చింది. ఆమోదం పొందిన ప్లాను కట్టే చోట అందరికీ కనబడేలా పెట్టాలి. నిర్మాణం ప్లాను ప్రకారమే పూర్తయిందన్న సర్టిఫికెట్ వచ్చాకే ఇల్లు అప్పగించాలి. కరెంటు, నీటి కనెక్షన్లు, బ్యాంకు అప్పులు కూడా దాన్ని చూశాకే ఇవ్వాలి. ఏళ్లు గడిచాయనో, డబ్బు ఖర్చయిందనో అక్రమ కట్టడం సక్రమం కాదని కోర్టు స్పష్టం చేసింది. నాలుగో దారి మూసుకుపోతోందని అర్థం చేసుకోవాలి.

మరి మనం ఏం చేయాలి? నాకు తోచిన నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

ఇల్లు కట్టుకునేవాళ్లకు ఒక మనవి. ముగ్గు పోసిన రోజున టేపు మీరే పట్టుకోండి. ప్లానులో ఉన్న కొలతా నేల మీద ఉన్న కొలతా ఒకటేనా చూసుకోండి. బయటి మెట్లూ, బాల్కనీలూ ఖాళీ జాగాలోకి రాకుండా చూసుకోండి. మేస్త్రి అడుగు జరపమంటే, ఆ అడుగు ఎవరిదో ఒక్కసారి ఆలోచించండి.

ఫ్లాటు కొనేవాళ్లు పాలరాయి నేలలూ మాడ్యులర్ కిచెన్లూ చూసే ముందు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడగండి. భవనం చుట్టూ ఒకసారి నడవండి. ప్లానులో మూడు మీటర్లని రాసి ఉన్నచోట మనిషి పక్కకు తిరిగి నడవాల్సివస్తే, అక్కడే ఆగిపోండి.

పక్కింటివాళ్లకు చెప్పేది, ముగ్గు పోసిన రోజే మాట్లాడండి. పునాది తవ్వినప్పుడు మొహమాటపడి, రెండో స్లాబు పడ్డాక ఫిర్యాదు పెడితే ఇద్దరికీ శత్రుత్వం తప్ప ఏమీ మిగలదు. ముగ్గు చెరిపి మళ్లీ పోయడానికి గుప్పెడు పిండి చాలు. స్లాబు పగలగొట్టడానికి రెండు కుటుంబాల ప్రశాంతత ఖర్చవుతుంది. అమెరికాలో ఉన్న మన పిల్లలకూ ఇదే మాట. మీ ఇంటికి జోనింగ్ బోర్డు నోటీసు వస్తే పక్కన పడేయకండి. వెళ్లి వినండి, అడగండి. ఆ కుర్చీ మీ కోసం వేసిందే.

ఇక మన ప్రభుత్వాలకూ మున్సిపాలిటీలకూ విన్నపం. ఇరుకైన స్థలాలు, వంకర స్థలాలు మన ఊళ్లలో లక్షల్లో ఉన్నాయి. ఆ యజమానుల కష్టం నిజమైనది. వాళ్లు దొడ్డిదారిన పోకుండా ఉండాలంటే ముందు గుమ్మం తెరిచి ఉండాలి. కట్టకముందే సడలింపు అడిగే ఏర్పాటు వార్డు స్థాయిలో పెట్టండి. చుట్టుపక్కల ఇళ్లకు నోటీసు ఇవ్వండి. అందరి ముందూ వినండి. ఇస్తే ఎందుకిచ్చారో, ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో రాసి గోడకు అంటించండి. దానికి కొత్త భవనాలు అక్కర్లేదు, వార్డు ఆఫీసులో పది కుర్చీలు చాలు. ఆ ఏర్పాటు వచ్చిన రోజున కట్టేశాక క్రమబద్ధం చేసే పథకాలు ఇక రావని ధైర్యంగా ప్రకటించవచ్చు.

సడలింపు తప్పు కాదు. చాటుగా తీసుకోవడం తప్పు. ఇటుక పేర్చకముందు, పక్కింటివాళ్ల ఎదుట, కారణం చెప్పి అడిగితే అది హక్కు. పేర్చేశాక డబ్బు కట్టి తీసుకుంటే అది మరొకరి గాలిని కొనుక్కోవడం. మీ వీధిలో ఈ వారం ఎక్కడైనా ముగ్గు పోస్తుంటే, దయచేసి ఒక్క నిమిషం ఆగి ఆ గీతకూ ప్రహరీకీ మధ్య జాగా ఎంతుందో చూడండి. తక్కువనిపిస్తే, కోపంతో కాదు, ఇరుగు పొరుగు చనువుతో, ఆ రోజే అడగండి.